మొదటి వరస

ఆ ఇంట్లో పని మూడు జతల చేతుల మీద నడిచేది.

మోసుకొచ్చే చేతులు బేళ్ళబ్బాయివి. పేరుకే అబ్బాయి. తల ముగ్గుబుట్టయి చాలా ఏళ్ళయింది. అత్తకు స్వయానా అన్న కొడుకు. పాత స్వెటర్ల బేళ్ళు బండి మీద తెచ్చి దించేవాడు, తయారైన నూలు ఎత్తుకుపోయేవాడు. ఆ స్వెటర్లు ఎక్కడివని ఎవరూ అడగరు. పిల్లలకు పొట్టివైపోయినవి, మోజు తీరినవి, మనిషి పోయాక కంటికెదురుగా ఉంచుకోలేక ఇచ్చేసినవి, అన్నీ ఒకే తాడు కింద నలిగి వస్తాయి.

తడిమే చేతులు అత్తవి. కళ్ళకు పొరలు కమ్మి ఐదేళ్ళు. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. వేళ్ళకు మాత్రం ఏ పొరా కమ్మలేదు. బేలు తాడు కోశాక ప్రతి బట్టా ముందు ఆవిడ ఒళ్ళోకే రావాలి. మిషన్ మీద కత్తిరించి కుట్టినవి విప్పితే జానెడు జానెడు ముక్కలే వస్తాయి కనక అవి చింపే మిల్లుకు పోయే సంచిలోకి. చేత్తో అల్లినవి కోడలి గుట్టలోకి.

విప్పే చేతులు కోడలివి. అతుకు దారం వెతికి, దాన్ని మాత్రమే కోసి, ముందు, వెనక, రెండు చేతులు నాలుగూ విడదీసేది. తరవాత చివరి ముడి పట్టుకునేది. అల్లిన మనిషి ఆఖరున వేసిన ముడి విప్పే మనిషికి మొదట దొరకాలి. అది దొరికిందా, లాగుతూ పోవడమే. ఒకరు రెండు నెలలు కూర్చుని అల్లింది మధ్యాహ్నం లోపు చిలపగా, వదులుగా చుట్టిన నూలు కట్టగా, మారిపోయేది. విప్పిన నూలు తిన్నగా ఉండదు, నొక్కుల జుట్టులా ఉంటుంది. ఇన్నాళ్ళూ ఏ కుట్టులో పడుకుందో ఆ వంపు పోనివ్వదు. వేడినీళ్ళలో ముంచి, పెరట్లో దండేనికి వేలాడదీసి, కింద రాయి కడతారు. కట్టినప్పుడు రాయి నేలకు జానెడు ఎత్తున ఉంటుంది. నొక్కులు సాగేకొద్దీ దిగుతుంది. రాయి నేల తాకితే నూలు నిద్రపోయినట్టు. పొద్దున్న కడితే మధ్యాహ్నానికి అన్ని రాళ్ళూ నేల మీద కూర్చునేవి.

ఇంకో పద్ధతి ఉంది. అది అత్త వాళ్ళ అమ్మ నాటిది. విప్పుకుంటూ విప్పుకుంటూ అడుగుకు వచ్చాక, అల్లిక మొదలుపెట్టిన మొట్టమొదటి వరస మాత్రం విప్పకూడదు. దాన్ని కత్తెరతో తెంచి రేకు డబ్బాలో వెయ్యాలి. "నూలు మనది, మొదలు వాళ్ళది" అనేది అత్త. డబ్బా నిండితే పెరటి గోడ వారన పూడ్చేవాళ్ళు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో కోడలు నవ్వింది. "బెత్తెడు దారం దగ్గర ఎందుకు అత్తయ్యా ఈ తంటా?" అంటే, "తంటా పడితే గానీ తెలియదులే" అంది అత్త. అంతకు మించి చెప్పలేదు. కోడలూ అడగలేదు.

ఇక ఆ ఇంటి కొడుకు సంగతి. వాడు లారీ తోలేవాడు. మంచు కురిసే కనుమ దాటించి సరుకు చేర్చే పని. మూడు చలికాలాల కిందట వెళ్ళాడు. కనుమ దిగువన లారీ దొరికింది, తలుపు తీసి ఉంది. మనిషి లేడు. లారీవాళ్ళు ఏడాది పాటు వెతుకుతున్నాం అన్నారు, తరవాత ఆ మాట అనడం మానేశారు. అత్త మాత్రం గట్టిగా పట్టుకుంది. "లారీ దొరికి మనిషి దొరకలేదంటే నడిచి ఎటో పోయాడన్నమాట. నడిచేవాడు ఎప్పటికో ఒకప్పుడు ఇంటివైపే నడుస్తాడు." పూటపూటకీ మూడు కంచాలు పెట్టించేది. బేళ్ళబ్బాయి వచ్చిన ప్రతిసారీ, బండి ఆగకముందే, "దారిలో ఏమన్నా కబురు తగిలిందిరా?" అని అడిగేది. లేదంటే, "సరేలే, వచ్చేసారి" అనేది. ఆ వచ్చేసారి మీదే ఆవిడకు ముద్ద దిగుతోందని కోడలికి తెలుసు.

అందుకే, ఆ సోమవారం పొద్దున బూడిద రంగు స్వెటరు ఒకటి చేతిలోకి వచ్చి, వెనక భాగంలో చివరి ముడి ఎప్పుడూ దొరికే వైపు దొరక్కపోయేసరికి, కోడలు చప్పుడు చెయ్యకుండా దాన్ని తిప్పి చూసింది.

ముడి అవతలి వైపున ఉంది. ఎడమచేతివాటం మనిషి అల్లితేనే అలా వస్తుంది. ఆమె ఎరిగినంతలో ఎడమచేత్తో అల్లేది ఒక్కరే. ఆ ఒక్కరూ నాలుగు బారల అవతల గోడకు ఆనుకుని, నోట్లో ఏదో గొణుక్కుంటూ, బేల్లోని బట్టలు తడుముతున్నారు.

మెడ లోపల చూసింది. ఎర్రదారంతో చిన్న ఉరి కుట్టి ఉంది, మేకుకు తగిలించుకోవడానికి. అది కోడలే కుట్టింది. బట్ట ఎక్కడ పడితే అక్కడ పడేస్తాడని తిట్టి మరీ కుట్టింది.

ముందు భాగం అడుగు నుంచి మెడ దాకా నిలువునా కత్తిరించి ఉంది. చిరుగు కాదు. పెద్ద కత్తెరతో ఒకే తీరున కోసిన కోత. కదలని మనిషి ఒంటి మీద నుంచి బట్ట అలాగే తీస్తారు. ఆమెకు ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

"ఏంటే అమ్మాయీ, చప్పుడు ఆగింది?" అంది అత్త.

"దారం చిక్కుపడింది అత్తయ్యా."

"మెల్లగా తియ్యి. చిక్కుకు తొందర పనికిరాదు."

కోడలు మెల్లగానే తీసింది. కోసిన ముందు భాగాన్ని ముక్కల సంచి అడుగున కుక్కింది. ఎర్రదారం ఉరి తెంచి రవికలో దోపుకుంది. రెండు చేతులూ విప్పింది, వెనక భాగం విప్పింది. కళ్ళు మండుతున్నా వేళ్ళు ఆపలేదు. ఆనవాలు మిగలకూడదు. అత్తకు తెలియకూడదు. తెలిస్తే ఆ ముసలి ప్రాణం మూడు రోజులు నిలవదు. ఆమెకున్న భయం అదొక్కటే.

అడుగు వరసల దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. మొదటి వరస తెంచి డబ్బాలో వెయ్యాలి. కానీ ఈమధ్య అత్తకు కొత్త అలవాటు పట్టింది. మధ్యాహ్నం కాగానే ఆ రేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క వరసా తీసి వేళ్ళ మధ్య నలిపి చూసి, మళ్ళీ లోపల వేస్తుంది. ముసలితనం చాదస్తమని కోడలు పట్టించుకోలేదు. ఎడమచేతి వరస అందులో పడితే మాత్రం ఆ వేళ్ళు ఇట్టే పోల్చుకుంటాయి.

కోడలు మొదటి వరస కూడా విప్పేసింది. రెండు చేతులవీ, వెనకదీ, మూడు భాగాల మొదటి వరసలూ. ఆఖరి ముడి జారి, పట్టుకోవడానికి ఏమీ లేక, దారం చివర ఆమె అరచేతిలో వెచ్చగా పడింది. ఎండలో కూర్చున్నందుకే అనుకుంది.

స్వెటరు చేతుల నూలు ఉడకబెట్టి ఆరేస్తే మాట వింది. వెనక భాగం చిలప వినలేదు.

మంగళవారం మధ్యాహ్నం పెరట్లోకి వెళ్ళి చూస్తే పదకొండు రాళ్ళు నేల మీద ఉన్నాయి. పన్నెండోది కట్టినచోటే, జానెడు ఎత్తున ఉంది. ఇంకో రాయి జోడించింది. బుధవారం మధ్యాహ్నానికి రెండు రాళ్ళూ మోకాలి ఎత్తున ఉన్నాయి. నూలు సాగాల్సింది పోయి ముడుచుకుంది. నొక్కులు చిందరవందరగా లేవు. ఒకదాని కింద ఒకటి, వరసగా, కుట్టు పక్కన కుట్టు కూర్చున్నట్టు నిలబడ్డాయి. పైన దండెం దగ్గర చిలప వెడల్పయి రెండువైపులా కాస్త వాలింది. భుజాలు వేలేసిన మనిషి వెనక్కు తిరిగి నిలబడితే అలా ఉంటాడు.

గాలి లేదు. మిగతా చిలపలు కదలడం లేదు. అదొక్కటే నిదానంగా అటు సగం తిరిగి ఆగేది, ఇటు సగం తిరిగి ఆగేది. వచ్చిన దారి మరిచినవాడు నాలుగు రోడ్ల మధ్య నిలబడి తిరిగినట్టు.

పెరటి పిల్లి దాని ఎదురుగా కూర్చుంది. వేలాడేదేదైనా దొరికితే గోళ్ళతో పీకే పిల్లి అది. ఇప్పుడు పీకలేదు. తల పైకెత్తి చూస్తోంది. రాళ్ళను కాదు, నూలును కాదు. దండేనికి ఇంకా పైన, మనిషి నిలబడితే ముఖం ఉండే ఎత్తుకు చూస్తోంది.

గురువారం బండి వచ్చింది.

"నీ బండి ఇరుసులో ఓ చుక్క నూనె పొయ్యరా," అంది అత్త లోపలి నుంచే. "సందు మొదట్నుంచీ ఏడుస్తూ వస్తోంది."

"ఏడ్చేది బండి కాదత్తా, నేనే. నువ్వు పెట్టే టీ గుర్తొచ్చి."

"నా టీ తాగి చచ్చినవాడు లేడు."

"బాగుపడ్డవాడూ లేడు," అంటూ బేళ్ళబ్బాయి పెరట్లోకి నడిచాడు.

అత్త కబురు గురించి అడగలేదు. కోడలు గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. మూడేళ్ళలో తప్పని ప్రశ్న. పోయిన గురువారం కూడా అడగలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. ఓపిక తగ్గింది కాబోలు అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

"ఏం చెల్లెమ్మా, రాళ్ళు గాల్లో ఆడుతున్నాయి? పట్టుకొచ్చి ఉరి తీసినా ఈ నూలు చావడం లేదా?"

నవ్వుతూనే రాళ్ళను కిందికి లాగాడు. దిగాయి. వదిలాడు. చప్పుడు లేకుండా మళ్ళీ అదే ఎత్తుకు పోయాయి. ఈసారి చిలపనే గుప్పిట పట్టుకున్నాడు. నవ్వు ముఖం మీదే ఆరిపోయింది. చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు, ఒకసారి కాదు, మూడుసార్లు.

"ఎండకు వేడెక్కింది అన్నయ్యా," అంది కోడలు.

"మిగతావీ ఎండలోనే ఉన్నాయి కదమ్మా." గొంతు తగ్గించాడు. "ఇప్పుడే ఒంటి మీద నుంచి విప్పినట్టుంది. నాకిది వద్దులే. బూడిద రంగు ఈసారికి తక్కువైతే తక్కువ."

తక్కినవన్నీ బండికెత్తుకుని టీ తాగకుండానే పోయాడు. ఇరుసు ఏడుపు సందు చివరి దాకా వినిపించింది.

కోడలు చిలపను దింపి మళ్ళీ తొట్టిలో వేసింది. సలసలా కాగే నీళ్ళు పోసింది. కర్రతో అదిమి పట్టుకుంది. నీళ్ళు చెయ్యి పెట్టేంత చల్లారాక పిండబోయింది. తడి నూలు తిన్నగా, మెత్తగా, బుద్ధిగా ఉంది. హమ్మయ్య అనుకుంది. అంతలోనే నొక్కులు ఆమె వేళ్ళ మధ్యనే లేవడం మొదలుపెట్టాయి. ఒకటి, దాని పక్కన ఒకటి. చూస్తుండగానే నూలు మణికట్టును చుట్టుకుంది. బిగించలేదు, నొప్పి లేదు. రద్దీలో చెయ్యి తప్పిపోకుండా పట్టుకున్నట్టు, అంతే పట్టు. ఆ పట్టు ఆమెకు తెలుసు. సంతలో, బస్టాండులో, ఆసుపత్రి వరండాలో ఆ పట్టు పట్టుకునేది ఒక్కడే.

అరవలేదు. అరిస్తే అత్త వస్తుంది. మెల్లగా, చిక్కు తీసినట్టు, వేలు వేలూ విడిపించుకుంది. ఇక కాల్చడమొక్కటే దారి అనుకుంది.

వంటగదిలో ఇనుప పొయ్యి తలుపు తీసింది. లోపల బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. చిలపను పట్టకారుతో పట్టుకుంది. ముందు గదిలో అత్త రేకు డబ్బా ముందు కూర్చుని ఉంది. డబ్బాలో వేళ్ళు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఆ చప్పుడు ఆగింది.

"ఏం చేస్తున్నావే?"

"నీళ్ళు కాస్తున్నాను."

"నీళ్ళు కాయడానికి పొయ్యిలోకి తడి ఉన్ని ఎందుకు?" అంది అత్త. కేక కాదు, పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడినట్టు అంది. "కాల్చకు అమ్మాయీ. కాలిస్తే వాసనొస్తుంది. ఆ వాసన కూడా తెలియనట్టు నటించే ఓపిక నాకు లేదు."

కోడలు పొయ్యి తలుపు మూసింది.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"నీకంటే ముందే తెలిసింది. ఈ ఇంట్లో ప్రతి బట్టా ముందు ఎవరి ఒళ్ళోకి వస్తుందే పిచ్చిదానా?"

నిజమే. అత్త చేతుల మీదుగా రాకుండా ఆ గుట్టలో నూలు పోగు కూడా పడదు. ఇన్నాళ్ళూ పక్కనే ఉన్న సంగతి. ఆవిడకు తెలియకూడదు, తెలియకూడదు అనుకుంటూ, అసలు ఆ స్వెటరు తన దాకా ఎలా వచ్చిందో ఒక్కసారి కూడా అనుకోలేదు.

"కోత కూడా తడిమాను," అంది అత్త. "బతికున్నవాడికైతే బట్ట విప్పుతారు. కత్తిరించరు."

"తెలిసి నా గుట్టలో ఎందుకు వేశారు అత్తయ్యా?"

"మరి సంచిలో వెయ్యనా? మిల్లుకు పంపనా, పళ్ళ చక్రాల్లో చింపమని? వారం రోజులు నా పరుపు కింద దాచుకున్నాను. నోటితో చెబుదామంటే నోరు రాలేదు. నీ చేతికి తగిలితే నువ్వే ఏడుస్తావు, పక్కన చేరి నేనూ ఏడుద్దామనుకున్నాను. నువ్వు చిక్కుపడింది అన్నావు. సరే, నాకోసం మింగుతోంది, మింగనీ అనుకున్నాను. వాడి మొదలన్నా డబ్బాలో వేస్తావు కదా, అదొకటి చేతికి దొరికితే చాలనుకున్నాను. స్వెటరు నీ గుట్టలో వెయ్యకముందే రోజూ డబ్బా తడిమే అలవాటు చేసుకున్నాను, నీకు అనుమానం రాకుండా. రోజూ వెతుకుతున్నాను. రాలేదు." డబ్బాకు మూత పెట్టింది. "ఏం చేశావు దాన్ని?"

"విప్పేశాను."

డబ్బా మూత మీద అత్త వేళ్ళు ఒకదాని తరవాత ఒకటి తట్టుకుంటూ ఉండిపోయాయి.

"అందుకే పోలేకపోతున్నాడు," అంది చివరికి. "బయల్దేరిన చోటు తెలిస్తేనే గదా ఎవడైనా వెళ్ళేది. తప్పు నీది కాదులే. ఎందుకో చెప్పకుండా చెయ్యమన్నాను చూడు, అది నాది. తీసుకెళ్ళి మళ్ళీ దండెం మీద వెయ్యి. రాయి కట్టు. నా సూదులు తెచ్చిపెట్టు."

సాయంత్రపు ఎండ ఇంకా గోడ మీద ఉంది. కోడలు చిలపను వేలాడదీసి రెండు రాళ్ళూ కట్టి, పక్కన పీట వేసింది. అత్త పీట మీద కూర్చుని పైకి చెయ్యి చాచింది. వెతుక్కోనక్కర్లేకపోయింది. దారం చివర ఆవిడ చేతిలోకి దానంతటదే దిగింది. ఎడమచేత్తో సూది పట్టుకుంది. ఆరేళ్ళుగా అల్లని చేతులు. అయినా తడబడలేదు. తడబడే అవకాశమే నూలు ఇవ్వలేదు. నొక్కు నొక్కూ వచ్చి సూది మీద తన చోట తాను కూర్చుంది. లెక్కపెట్టలేదు. ఎన్ని కుట్లు కావాలో నూలుకే తెలుసు. మొదటి వరస నిండింది. రెండోది నిండింది. చిలప తిరగడం ఆపింది.

"వెచ్చగా ఉంది," అంది అత్త. "వీడికి చిన్నప్పుడు జ్వరమొస్తే ఇంతే వెచ్చగా ఉండేవాడు. పక్కలో పెట్టుకుంటే నాకు చలి వేసేది కాదు."

కోడలు రవికలోంచి ఎర్రదారం ఉరి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది. అత్త దాన్ని తడిమి, "నువ్వు కుట్టిందేనా? ఎంత తిట్టావే ఆ రోజు," అంటూ ఆ వరస కొసకు ముడేసింది. కళ్ళు కారుతున్నాయి, చేతులు పని చేస్తున్నాయి. మూడో వరస దగ్గర చేతులు ఆగిపోయాయి.

"కత్తెర నువ్వు పట్టుకో. అల్లింది నేను, నా చేత్తో తెంచలేను."

"నేను మాత్రం ఎలా అత్తయ్యా?"

"నీకు నేనున్నాను. కానివ్వు."

కోడలు కత్తెర వేళ్ళలో దూర్చింది. ఆవిడ వేళ్ళు వచ్చి ఆమె వేళ్ళ మీద కూర్చున్నాయి. దారం కత్తెర నోట్లో ఒక్క క్షణం గట్టిగా నిలబడింది, మాట అడ్డుపడ్డ గొంతులా. తరవాత తెగింది.

రెండు రాళ్ళూ ఒక్కసారిగా నేలను తాకాయి. ఆ చప్పుడుకు పిల్లి లేచింది. ఇంతసేపూ చూస్తున్న ఎత్తు నుంచి చూపు మెల్లగా దించి, పెరటి గేటు వైపు, గేటు అవతలి సందు వైపు, కనబడనిదేదో వెళుతుంటే చూసినట్టు చూసింది. తరవాత ఒళ్ళు విరుచుకుని గోడెక్కింది. చిలప తిన్నగా, తాడులా వేలాడుతోంది. కోడలు ముట్టుకుంది. చల్లగా ఉంది. ఏ నూలైనా అలాగే ఉంటుంది.

అత్త ఆ వరసను డబ్బాలో వేసి మూత బిగించింది.

కోడలు రాళ్ళు తియ్యడానికి వంగి అలాగే ఉండిపోయింది. మూడు రోజులుగా ఆ చిలప కింద ఏ రాయీ నేల తాకలేదు. తాకిన రెండూ ఇప్పుడు పడ్డవే. వాటి పక్కన మట్టి రెండు చోట్ల, అడుగు పొడుగున, నున్నగా అణిగి ఉంది. ఒకచోటే చాలాసేపు, బరువు ఈ కాలి మీది నుంచి ఆ కాలి మీదికి మార్చుకుంటూ ఎవరో నిలబడితే అణిగినట్టు. కాలివేళ్ళ గుర్తులు ఇంటి గుమ్మం వైపే ఉన్నాయి.

ఆమె చీపురు అందుకుంది.

"ఊడవకు," అంది అత్త, చీపురు పుల్లల చప్పుడు విని. ఏముందక్కడ అని అడగలేదు. "అదే పోతుంది."

కోడలు చీపురు గోడకు ఆనించింది. అత్త చెయ్యి పట్టుకుని పీట మీంచి లేపింది. గుమ్మం దాటుతుంటే ముసలావిడ, "ఆకలేస్తోందే అమ్మాయీ," అంది. మూడేళ్ళలో ఆ మాట ఆమె నోట కోడలు వినలేదు. "రెండు కంచాలే పెట్టు."

పెరట్లో ఆ అడుగుల గుర్తులు తొమ్మిది రోజులున్నాయి. పదో రోజు గాలి వీచింది.